వాన తెరిపిచ్చాక అడవికి వెళ్దామా?

ప్రశ్న: నమస్కారమండి. మావారి వయసు 44. నిరుడు ఆయనకు లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ ఉందని తేలింది. ఆరు నెలలు కీమో నడిచింది. అది ముగిసి పది వారాలైంది. పోయిన వారం స్కాన్ రిపోర్టు వచ్చింది. జబ్బు ఆనవాళ్లేమీ కనిపించడం లేదని, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోమని డాక్టరుగారు చెప్పారు. చుట్టాలంతా ఫోన్లు చేసి పార్టీ ఎప్పుడని అడుగుతున్నారు. ఆయన మాత్రం ‘నాకు జనం వద్దు. వాన వెలిశాక అడవిలో కాసేపు నడవాలని ఉంది. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ తడి మట్టి వాసనే గుర్తొచ్చేది’ అంటున్నారు. ఈ వారాంతం వెళ్దామనుకుంటున్నాం. తడిలో తిప్పితే జబ్బు తిరగబెడుతుందని అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు. 14 ఏళ్ల అమ్మాయి ‘నేను రాను’ అంటోంది. 7 ఏళ్ల బాబు ఇప్పటి నుంచే బూట్లు వేసుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇక నా సంగతి. రిపోర్టు బాగుందని తెలిసినా నాకు సంతోషం కలగలేదు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. నాలో ఏదైనా లోపం ఉందా? ఆయన్ని అడవికి తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ గురించి అడిగినదానికి జవాబు చెబుతాను. మీలో లోపమేమీ లేదు. ఇన్ని నెలలు మందుల వేళలు, రక్తపరీక్షలు, జ్వరం వస్తే అర్ధరాత్రి పరుగులు, వీటన్నిటి మధ్య ఏడవడానికి మీకు తీరిక ఎక్కడిది? ఇప్పుడు దొరికింది, ఏడ్చారు. భయం పోయిందని రిపోర్టు చెప్పగానే శరీరం నమ్మేయదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడే అలవాటు, ఆయన దగ్గితే చెయ్యి నుదుటి మీదికి వెళ్లే అలవాటు ఇంకొన్నాళ్లు ఉంటాయి. సంతోషం తన సమయానికి తను వస్తుంది. వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా మీరు కూడా ఒక డాక్టరును కలవండి. ఇన్నాళ్లూ ఆయన ఫైలు పట్టుకుని తిరిగారు. ఒక్కసారి మీ కోసం కూడా ఆ గడప ఎక్కండి.

ఇక అడవి సంగతి. వెళ్లండి. ఆయన అడిగింది సరైన చోటు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా తమ్ముడికి పెద్ద ఆపరేషన్ జరిగింది. ముక్క పరీక్షకు పంపారు. భయపడాల్సిందేమీ లేదని రిపోర్టు వచ్చిన మూడో రోజునే మేమంతా రెండు బండ్లలో వాణ్ణి ఎక్కించుకుని కొండ మీద ఒక చోటికి తీసుకెళ్లాం. పద్నాలుగు మందిమి. పాటలు, ఫొటోలు. ప్రతి ఒక్కరూ వాడి భుజం తట్టి ‘హమ్మయ్య, గండం గడిచింది’ అన్నారు. వాడు అందరికీ నవ్వి చూపించాడు. సాయంత్రానికి కారు వెనక సీటులో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అడిగితే ‘అక్కా, మీ అందరి కోసం సంతోషంగా ఉండలేక అలిసిపోయాను’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తర్వాత వారం మేమిద్దరమే, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన ఒక పొద్దున, చెట్ల మధ్యకు వెళ్లాం. ఒక మాను మీద నత్త ఎక్కుతుంటే వాడు నిలబడి చూశాడు. ఇరవై నిమిషాలు చూశాడు. నేను ఒక్క మాటా మాట్లాడలేదు. వెనక్కి వస్తుంటే, ఆపరేషన్‌కు ముందు రాత్రి తనెంత భయపడ్డాడో మొదటిసారి చెప్పాడు.

ఊరట దొరికిన రోజున మనిషికి సంబరం కంటే ముందు, సంతోషంగా కనిపించమని ఎవరూ అడగని చోటు ఒకటి కావాలి. తడిసిన అడవి అలాంటి చోటు. అక్కడ చూడాల్సినవన్నీ చిన్నవి, నెమ్మదివి. మీ ఆయన మొహం చూస్తూ కూర్చోవాల్సిన పని ఎవరికీ ఉండదు, అందరి కళ్లూ నేల మీదో మాను మీదో ఉంటాయి. జబ్బు చేసిన మనిషికి అదెంత హాయో, నెలల తరబడి అందరూ తననే గమనిస్తుంటే భరించినవాళ్లకు తెలుస్తుంది.

అడవి జబ్బు నయం చేస్తుందని నేను చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ చెట్ల దగ్గర మనిషికి కొంత తేలికపడుతుందన్నది వట్టి కవిత్వం కాదు. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు చూశారు. సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. కిటికీలోంచి చూస్తేనే అంత అయితే, ఆయన చెట్ల కిందికే వెళ్తానంటున్నారు.

అయితే అత్తయ్యగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ చెప్పిన కారణం పూర్తిగా సరైనది కాకపోయినా, జాగ్రత్త అవసరమన్నది నిజం. తడిస్తే లింఫోమా తిరగబెట్టదు. జలుబు కూడా వైరస్ వల్ల వచ్చేదే. కానీ కీమో తర్వాత శరీరం ఇంకా కోలుకుంటూ ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు ఆయన డాక్టరుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి.

మొదటిది రక్తకణాల లెక్క. కీమో ఆగిన కొన్ని వారాల్లో చాలామందికి తెల్లకణాలు తిరిగి పెరుగుతాయి. కానీ అందరికీ ఒకేలా కాదు. రిటుక్సిమాబ్ లాంటి మందు కూడా ఇచ్చి ఉంటే రోగనిరోధక శక్తి మీద దాని ప్రభావం నెలల తరబడి ఉండొచ్చు. కుళ్లే ఆకుల్లో, మట్టిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను అది ఏమీ చేయదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు మాత్రం ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తెస్తుంది. డాక్టరు ‘ఇంకొన్నాళ్లు ఆగండి’ అంటే ఆగండి. అడవి ఎక్కడికీ పోదు. వెళ్లమన్నా సరే, దుంగలు కదిలించడం, ఆకుల కుప్పలు తవ్వడం ఆయన పని కాదు.

రెండోది పాదాలు. ఇది చాలామంది మర్చిపోతారు. లింఫోమాకు వాడే విన్‌క్రిస్టిన్ లాంటి మందుల వల్ల వేళ్ల చివర్లు, అరికాళ్లు తిమ్మిరెక్కడం మామూలే. మందు ఆపేశాక కూడా ఆ తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. తడి వేరు మీద కాలు పడితే అరికాలికి తెలియాలి. తెలియకపోతే జారాక గానీ తెలియదు. ఇంట్లో చెప్పులు కాలి నుంచి ఊడిపోతున్నా ఆయన గమనించడం లేదా? చీకట్లో తూలుతున్నారా? ఒకసారి అడగండి. అలా ఉంటే వెళ్లొద్దని కాదు. చదునైన దారి ఎంచుకోండి, చేతికర్ర ఇవ్వండి, మడమను పట్టి ఉంచే బూట్లు వేయించండి. మూడోది ప్లేట్‌లెట్లు. అవి తక్కువగా ఉంటే చిన్న గీత పడినా రక్తం ఓ పట్టాన ఆగదు.

దారి సంగతి కూడా ఆలోచించండి. చుట్టూ తిరిగి మొదటి చోటికి వచ్చే దారి వద్దు. సరిగ్గా సగం దారిలో ఆయన అలిసిపోతే ముందుకైనా వెనక్కైనా అంతే దూరం. వెళ్లిన దారినే తిరిగొచ్చేదైతే ఏ క్షణంలోనైనా ‘ఇక చాలు’ అనొచ్చు. కీమో తర్వాతి అలసట మామూలు అలసట కాదు, ముందు చెప్పి రాదు. గంట సేపు చాలు. కిలోమీటరు కూడా నడవకపోయినా ఫరవాలేదు. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ షీటు, ప్రతి ఒక్కరికీ పొడి సాక్సులు, తువ్వాలు పెట్టుకోండి. తడవడం కంటే తడి బట్టల్లో గంటలు గంటలు ఉండిపోవడమే ఇబ్బంది.

వాన పడుతుండగా వెళ్లకండి. రాత్రి కురిసి పొద్దున తెరిపిచ్చిన రోజు మంచిది. ఉరుము వినిపిస్తే చెట్ల కింద ఉండకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ బయల్దేరకండి. గాలి గట్టిగా ఉన్నా మానుకోండి, నాని బరువెక్కిన కొమ్మలు విరిగి పడతాయి. దారికడ్డంగా వాగు ఉరుకుతుంటే అక్కడి నుంచే వెనక్కి రండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు అడగలేదు కానీ, వెళ్లాక ఏం చూడాలో తెలిసి ఉంటే ఆ గంట బాగా గడుస్తుంది.

ఆయన కోరుకున్నది తడి మట్టి వాసన. దానికి పెట్రికోర్ అని పేరు పెట్టింది ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, 1964లో. ఎండ రోజుల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలు రాళ్లలో, మట్టిలో ఇంకి ఉంటాయని, తడి తగలగానే బయటికొస్తాయని వాళ్లు చెప్పారు. ఆ మట్టి వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం. స్ట్రెప్టోమైసిస్ అనే నేలలోని బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. మరి ఆ వాసన వల్ల ఆ బ్యాక్టీరియాకు లాభమేమిటి? స్ప్రింగ్‌టెయిల్స్ అనే ఆవగింజంత పురుగులు ఆ వాసనకు ఆకర్షితమై వచ్చి, బ్యాక్టీరియాను తిని, దాని బీజాలను ఒంటికి అంటించుకుని వేరే చోటికి మోసుకెళ్తాయని 2020లో తేల్చారు. వాన చుక్క నేల మీద పడగానే దాని అడుగున గాలి చిక్కి సన్నని బుడగలై పైకి లేచి పగులుతుందని, వాసనను మోసుకెళ్లే తుంపర అలా పుడుతుందని 2015లో వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూశారు. జడివాన కంటే మెల్లగా పడే వానలోనే ఆ తుంపర ఎక్కువట.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. కీమో తర్వాత చాలామందికి వాసనలు, రుచులు మునుపటిలా ఉండవు. అన్ని నెలలు తలుచుకున్న వాసన ఆయనకు పలచగా తగలొచ్చు, అసలు తగలకపోనూవచ్చు. ‘వచ్చిందా, బాగుందా’ అని అడగకండి. వస్తే ఆయనే చెప్తారు.

ఎండు ఆకులు కరకరలాడతాయి, తడి ఆకులు చప్పుడు చేయవు. అందుకే వాన తర్వాత అడవిలో మన అడుగు మనకే వినిపించదు, పక్షులు దగ్గరి దాకా వస్తాయి. పైన వాన ఆగి చాలాసేపయినా చెట్ల కింద చినుకులు రాలుతూనే ఉంటాయి. ఒక పెద్ద చెట్టు కింద ఆగి ఆ చప్పుడు వినండి. వెడల్పాటి ఆకు మీద ఒక శబ్దం, నేల మీద ఇంకొకటి.

నాచు దగ్గర వంగి చూడండి. దానికి నిజమైన వేర్లు ఉండవు. ఉన్నవి రాయిని పట్టుకోవడానికే తప్ప నీళ్లు తాగడానికి కాదు. చాలా నాచుల ఆకు మందం ఒక్క కణమే, కాబట్టి తడి తగిలిన చోటే తాగేస్తుంది. వానలు లేనన్నాళ్లూ గోధుమరంగులో ముడుచుకుని ఎండిపోయినట్టు పడి ఉన్న నాచు, తడిసిన కొద్ది నిమిషాల్లోనే విచ్చుకుని పచ్చబడుతుంది. వేలంత సీసాలో నీళ్లు తీసుకెళ్లి, చెట్టు నీడన తడవకుండా మిగిలిన పొడి నాచు మీద బాబు చేత చల్లించండి, కళ్ల ముందే విచ్చుకుంటుంది. ఒక్క మనవి: ‘చూశారా, ఇది కూడా ఎలా తిరిగి ప్రాణం పోసుకుందో’ అని ఆయనకు పాఠం చెప్పకండి. జబ్బు చేసినవాళ్లు ఇలాంటి పాఠాలు ఈపాటికి చాలా విని ఉంటారు. నాచును నాచులాగే చూడనివ్వండి.

బాబుకు ఒక భూతద్దం కొనివ్వండి. ఆ రోజుకు వాడే మీ మార్గదర్శి. కుళ్లిన పుల్లల మీద చిటికెన వేలి గోరంత గిన్నెలు, వాటిలో గుడ్ల లాంటి గింజలు కనిపిస్తే అదొక రకం శిలీంధ్రం. పక్షి గూడులాగే ఉంటుంది. వాన చుక్క సరిగ్గా ఆ గిన్నెలో పడితే ఆ గుడ్లు ఎగిరి దూరంగా పడతాయి, వాటిలోనే బీజాలుంటాయి. ఇంకో రకం గుండ్రటి బంతిలా ఉండి, పండాక చినుకు తగిలితే పైనున్న రంధ్రంలోంచి పొగలా బీజాలు ఊదుతుంది. వాటికి వాన దెబ్బే వాహనం. ఈ బంతుల దగ్గర మీవారిని మాత్రం దూరంగా ఉంచండి, ఆ పొడి పీల్చకూడదు. పుట్టగొడుగులు చూడడానికే, ఎంత తెలిసినవిలా ఉన్నా కోసి ఇంటికి తేవద్దు.

నత్త దొరికితే దాని పై రెండు కొమ్ముల చివర చూడమనండి, అక్కడున్న నల్ల చుక్కలే కళ్లు. రోకలిబండను ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది. కొన్ని రకాలు చర్మం మండే ద్రవం వదులుతాయి కాబట్టి చూసి వదిలేయాలి. ఎర్రని మఖమల్ ముద్దలా ఆరుద్ర పురుగు కనిపిస్తే అదృష్టమే. దుంగ ఎత్తి చూస్తే మళ్లీ అలాగే మెల్లగా పెట్టాలని బాబుకు ముందే చెప్పండి. దాని కింద బతికేవాటికి ఆ తడి చీకటే ఇల్లు.

మీరు వెళ్లే చోట జలగలుంటే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. పట్టుకున్న జలగ మీద ఉప్పు చల్లకండి, నిప్పు పెట్టకండి. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉన్న కొస దగ్గర గోరు పెట్టి పక్కకు నెడితే పట్టు వదులుతుంది. అది రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి కాసేపు కారుతుంది, సబ్బుతో కడిగి గుడ్డతో నొక్కి పట్టండి. మీవారి ప్లేట్‌లెట్లు తక్కువని డాక్టరు చెప్పి ఉంటే జలగలున్న అడవికి ఈసారి వద్దు. ఇంటికొచ్చాక అందరూ చేతులు కడుక్కుని, మోకాళ్ల వెనక, మెడ దగ్గర పిడుదులేమైనా పట్టాయేమో చూసుకోండి.

అమ్మాయి గురించి నాకు ఎక్కువ దిగులుగా ఉంది. ‘రాను’ అనేది పొగరుతో కాకపోవచ్చు. ఇన్ని నెలలు తమ్ముణ్ణి చూసుకుంది, మీ ఇద్దరూ ఆసుపత్రిలో ఉంటే ఇంట్లో ఒంటరిగా భయపడింది, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందరూ ‘పద, సంతోషంగా ఉందాం’ అంటే దానికి కోపం రాదా? బతిమాలకండి, బలవంతం చేయకండి. ‘నువ్వు వెనకాల నడిచినా సరే, మాట్లాడకపోయినా సరే, నాన్న పక్కన ఒకరు ఉంటే నాకు ధైర్యం’ అని నిజం చెప్పండి. వస్తే చెవిలో ఇయర్‌ఫోన్లు తీయమనకండి. తనంతట తనే తీసేస్తే మంచిదే. రాకపోతే ఇంకో రోజు మీరిద్దరే వెళ్లండి.

అత్తయ్యగారిని ఇంట్లో వదిలి వెళ్లకండి. కొడుకు కోసం ఆవిడా నిద్ర మానుకుంది. దారి మొదట్లో కూర్చునే చోటు చూసి, పొడి బట్టల సంచి ఆవిడ దగ్గర పెట్టండి. ‘తిరిగి రాగానే వాడి తల మీరే తుడవండి’ అని చెప్పండి. డాక్టరు ఏమన్నారో ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆవిడకే వినిపించండి, మీరు చెప్తే నమ్మని మాట డాక్టరు చెప్తే నమ్ముతారు.

పార్టీ అడిగే చుట్టాలకు ‘ఆయన ఓపిక చూసి చెప్తాం’ అని ఒక్క మెసేజ్ పెట్టి, ఆ గంట ఫోన్లు కారులో వదిలేయండి.

నడుస్తూ నడుస్తూ ఆయన మూడు నెలల తర్వాతి స్కాన్ మాట ఎత్తొచ్చు. ‘ఇప్పుడెందుకండీ ఆ మాట, ఏం కాదు’ అని మూసేయకండి. మీకూ అదే భయం ఉందని చెప్పండి. అలా చెప్తే ఆయన కుంగిపోతారని అనుకుంటున్నారేమో. నేను చూసినంతలో ఇద్దరూ పక్కపక్కనే నడుస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా చెప్పుకున్న భయం ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పుకున్నదాని కంటే తేలికగా వస్తుంది. మీకు అక్కడ కన్నీళ్లొస్తే తుడుచుకోవడానికి తొందరపడకండి. పిల్లలు చూస్తే ‘నాన్న బాగున్నారు కదా, ఇన్నాళ్లదీ ఇప్పుడొస్తోంది’ అని చెప్పండి. వాళ్లకు అర్థమవుతుంది.

ఈ వారాంతం వాన ఆగకపోతే వచ్చే వారం వెళ్లండి. తిరిగొచ్చాక తడి బూట్లలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కండి, పొద్దుటికి ఆరతాయి. బాబు మళ్లీ వాటిని వేసుకుని ఇల్లంతా తిరుగుతాడు కదా.